ప్రాజెక్టు ఫర్నిచర్: నేరుగా సైట్‌కే తెప్పించాలా, గోదాములో దించుకోవాలా?

#1 రంగులపలక
ఫ్లాటు 14వ అంతస్తులో. మొత్తం 43 ఐటెమ్‌లు, 11 మంది సప్లయర్లు. సరుకు అంతా ఒకేసారి రాదు, పది వారాల్లో విడతలుగా వస్తుంది. సైట్‌లో ఇంకా పుట్టీ, పెయింటు పని నడుస్తోంది. క్లయింటు మాత్రం "ఫ్లాటు ఖాళీగానే ఉంది కదా, అక్కడే ఓ గదిలో పెట్టేయండి, గోదాము అద్దె దండగ" అంటున్నారు. లిస్టులో సోఫాలు, టేకు డైనింగ్ టేబుల్, పాలరాయి టేబుల్, ఉన్ని తివాచీలు, పేము కుర్చీలు, పెద్ద అద్దం, షాండిలియర్ ఉన్నాయి. గోదాముకే వెళ్తే దించుకునేటప్పుడు ఏం చూడాలి, ఏది ఎలా పెట్టాలి?

#2 చలాన్‌మాస్టర్
సైట్ వద్దండి. దుమ్ము సంగతి అందరికీ తెలుసు, దానికంటే పెద్ద చిక్కులు మూడున్నాయి.

ఒకటి, తడి. కొత్త ప్లాస్టరు, పుట్టీ, పెయింటు ఆరుతున్నంత కాలం నీటిని గదిలోకి వదులుతూనే ఉంటాయి. కిటికీలు మూసి సరుకు పెట్టిన గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. రెండు, జరపడం. ఈ గదిలో పెయింటు వేస్తున్నారని ఆ గదికి, అక్కడ స్కర్టింగు వేస్తున్నారని హాల్లోకి మారుస్తారు. సోఫా కాళ్లు వదులయ్యేది, మూలలు చితికేది లారీలో కంటే ఈ తిప్పుళ్లలోనే ఎక్కువ. మూడు, సంతకం. సరుకు వచ్చిన వేళకి సైట్‌లో ఉండేది వాచ్‌మనో, చేతినిండా పుట్టీ ఉన్న పెయింటరో. అతను "అందింది" అని సంతకం పెట్టాక విరిగిన కాలు మీ ఖాతాలోకి వస్తుంది.

ఇక గోదాములో దింపుడు. లారీ రాకముందే పర్చేజ్ ఆర్డర్ కాపీలు అక్కడ ఉండాలి. ప్రతి పెట్టె మీదా వేయాల్సిన గుర్తు ముందే ఖాయం చేసి సప్లయర్లందరికీ ఆర్డరుతో పాటే పంపండి. ప్రాజెక్టు, గది, ఐటెమ్, పెట్టె సంఖ్య, ఈ నాలుగూ అదే వరసలో: "పి07 / బెడ్2 / కుర్చీ03 / 3లో 2వది". చివరి భాగమే ముఖ్యం. మంచం మూడు పెట్టెల్లో వస్తుంది, రెండే దిగితే ఆ రోజే పట్టుకోవాలి. ఎనిమిది వారాల తర్వాత బిగించే రోజున పక్క పట్టీ లేదని తెలిస్తే ఎవరిని అడుగుతారు?

లారీ తలుపు తీయగానే, సరుకు కదపకముందే, లోపల ఎలా పేర్చి ఉందో ఒక ఫోటో తీయాలి. పెట్టె కింద నలిగిందా, పైనుంచి బరువు పడిందా అన్నది ఆ ఫోటోతోనే తేలుతుంది. తర్వాత పెట్టెలు లెక్కపెట్టి రసీదుతో సరిచూడాలి. ప్రతి పెట్టెకీ ఆరు వైపులా చూడాలి, అడుగు భాగం కూడా. చిరుగు, తడి మరక, నలిగిన మూల, మళ్లీ అంటించిన టేపు, వీటిలో ఏది కనిపించినా ఫోటో తీసి రసీదు మీద రాశాకే సంతకం. పెట్టె మీద షాక్ ఇండికేటర్ (గట్టి కుదుపు తగిలితే రంగు మారే స్టిక్కరు) ఎర్రబడి ఉంటే సరుకు తిప్పి పంపనక్కర్లేదు. ఆ సంగతి రసీదు మీద రాసి, డ్రైవరు ఎదుటే విప్పి చూడండి.

డ్రైవరుకు తొందరుంటుంది. ఉండనివ్వండి.

#3 క్లెయిమ్‌కాగితం
పై పోస్టుకు కొనసాగింపు. రసీదు మీద "పరిశీలించాక చెప్తాం" అని రాసి సంతకం పెట్టేవాళ్లు చాలామంది. నష్టపరిహారం క్లెయిమ్ దగ్గర అది దాదాపు ఏమీ రాయనట్టే. "5వ పెట్టె, ఎడమ కింది మూల 20 సెం.మీ. చిరిగింది, లోపల చెక్క కనిపిస్తోంది" అన్నట్టు రాయాలి. ఏ పెట్టె, ఎక్కడ, ఎంత.

పైకి బాగానే ఉండి లోపల విరిగితే గడువు పట్టుకోవాలి. విదేశీ సరుకైతే అది ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి గడువు మారుతుంది. ఓడ మీద వస్తే హేగ్–విస్బీ నియమాల కింద పైకి కనపడని నష్టానికి 3 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. విమానంలో వస్తే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 14 రోజులు. దేశాల మధ్య లారీ రవాణాకి 1956 నాటి సీఎంఆర్ ఒప్పందం వర్తించే చోట 7 రోజులు, ఆదివారాలు, సెలవులు మినహా. వీటి మధ్య ఇంకో తేడా ఉంది. ఓడ, లారీ విషయంలో గడువు దాటితే హక్కు పోదు, కానీ సరుకు బాగానే అందిందని లెక్క, కాదని నిరూపించే భారం మీ మీద పడుతుంది. విమానం విషయంలో గడువు దాటితే, రవాణాదారు మోసం చేశాడని తేలితే తప్ప, కేసే నిలవదు.

దేశం లోపలి రవాణా అయితే రసీదు వెనక సన్నక్షరాల్లో ఉన్న షరతులు చదవండి. ఒక్కో రవాణాదారుది ఒక్కో గడువు.

పెట్టెను, లోపలి థర్మోకోల్‌ను, మూలల గార్డులను క్లెయిమ్ ముగిసే దాకా పారేయకండి. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు మొదట అడిగేది "ప్యాకింగ్ ఏది?" అనే. ప్యాకింగ్ లేకపోతే అది సరిపోలేదని తేల్చి సప్లయరు మీదకీ, సప్లయరు మళ్లీ రవాణా మీదకీ తోసుకుంటారు.

#4 రంగులపలక
అయితే వచ్చిన ప్రతి పెట్టే విప్పాలా? ఫ్యాక్టరీ ప్యాకింగ్ చెడగొడితే రెండోసారి అంత బాగా కట్టలేం కదా?

#5 చలాన్‌మాస్టర్
అన్నీ విప్పాలి, వచ్చిన 24 గంటల్లో. తప్పు రంగు బట్ట, తప్పు కాళ్లు, ఎడమ చెయ్యి బదులు కుడి చెయ్యి ఉన్న ఎల్ సోఫా, ఇవేవీ బయటి నుంచి కనపడవు. రీప్లేస్‌మెంట్‌కి వారాలు పడుతుంది.

#6 వడ్రంగికన్ను
నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన ఫోమ్ మధ్య కూర్చోబెట్టిన గాజు తలుపుల క్యాబినెట్‌ను విప్పి మళ్లీ దుప్పట్లలో చుట్టి లారీ ఎక్కిస్తే రెండో ప్రయాణంలో పగిలే అవకాశం పెరుగుతుంది. ఒకే రకం డైనింగ్ కుర్చీలు పన్నెండు వస్తే పన్నెండూ విప్పడం కూడా అనవసర శ్రమ.

#7 చలాన్‌మాస్టర్
పన్నెండిట్లో విప్పని ఆ ఒక్కదానికే కాలు విరిగి ఉంటే?

#8 వడ్రంగికన్ను
విప్పడానికీ చూడటానికీ తేడా ఉందండి. పై మూత టేపు కోసి, పై పొర ఫోమ్ మాత్రం తీసి, టార్చి వేసి చూడొచ్చు. రంగు, పాలిష్, పైన కనిపించే మూలలు, కాళ్ల సంచి ఉందా లేదా, ఇంతవరకు అలాగే తెలుస్తుంది. నేను గీసే గీత ఇది: బట్ట, తోలు, ఆర్డరిచ్చి చేయించినవి, ఎడమ–కుడి తేడా ఉన్నవి పూర్తిగా విప్పాలి. ఒకే బ్యాచ్ కార్ఖానా సరుకులో రెండు పూర్తిగా, మిగతావి మూత తీసి చూడాలి. గాజు, రాయి వచ్చే క్రేట్లకి (చెక్క పెట్టెలకి) ఒక పక్క పలక మాత్రమే ఊడదీసి చూసి మళ్లీ స్క్రూలతో బిగించాలి. మేకులు కొట్టొద్దు, సుత్తి దెబ్బకే పగిలే రాళ్లున్నాయి.

#9 చలాన్‌మాస్టర్
స్క్రూల మాట నిజమే. మిగతాది క్లయింటు ఎంత గట్టిగా అడుగుతారో దాన్ని బట్టి. తోలు, బట్ట దగ్గర మాత్రం రాజీ లేదు, రెండు పక్షాలూ ఒప్పుకున్నట్టే కదా.

#10 వడ్రంగికన్ను
ఇక చెక్క. గోదాములో చూడాల్సింది వేడి కంటే తేమ. గాలిలో తేమ ఎంతుంటే చెక్క అంతకు తగ్గ నీటి శాతానికి చేరి అక్కడ ఆగుతుంది. మామూలు గది వేడిలో సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టగలిగే నీటిలో ప్రస్తుతం ఉన్న శాతం) 30 శాతమైతే చెక్కలో సుమారు 6 శాతం, 50 అయితే 9, 80 అయితే 16. అడ్డకోత పలక (ఫ్లాట్‌సాన్, చెట్టు వలయాలు పలక ముఖానికి దాదాపు సమాంతరంగా ఉండేది) విషయంలో వాడుకునే మోటు లెక్క: చెక్కలో నీరు 4 శాతం మారితే వెడల్పు 1 శాతం మారుతుంది. నిలువుకోత పలక (వలయాలు ముఖానికి నిలువుగా ఉండేది) అందులో సగమే కదులుతుంది. పొడవు దాదాపు మారదు.

ఇప్పుడు మీ టేకు టేబుల్. పై పలక వెడల్పు 900 మి.మీ. అనుకోండి. 70 శాతం తేమ ఉన్న గోదాములో రెండు నెలలుంటే చెక్కలో నీరు 13 శాతం దాకా పోతుంది. అక్కడి నుంచి ఏసీ నడిచే, 40 శాతం తేమ ఉన్న ఫ్లాటుకి వెళ్తే 8కి దిగుతుంది. 5 శాతం తేడా. టేకు ఆ లెక్క కంటే కాస్త తక్కువే కదులుతుంది కానీ, అది అడ్డకోత పలకైతే 11 మి.మీ. దాకా కుంచించుకుపోవచ్చు. పలకను ఫ్రేముకి కదలడానికి వీలున్న క్లిప్పులతో బిగించి ఉంటే ఏమీ కాదు. గట్టిగా స్క్రూలు దించేసి ఉంటే నడుమ చీలుతుంది. అప్పుడు క్లయింటు సప్లయర్ని తిడతారు, సప్లయరు గోదామును.

అందుకని గాలిలో తేమను 40–55 శాతం మధ్య ఉంచే గోదామే చూడండి. "ఏసీ ఉందండి" అంటే సరిపోదు, రాత్రి ఏసీ కట్టేస్తే తేమ పైకి లేస్తుంది. 15 నిమిషాలకోసారి రీడింగ్ రాసుకునే డేటా లాగర్ ఒకటి మీ సరుకు మధ్యలో పెట్టించి, నెలకోసారి ఆ గ్రాఫ్ తెప్పించుకోండి. 70 శాతం దాటి నిలిచిపోతే బూజు మొదలవుతుంది.

స్ట్రెచ్ ర్యాప్ (సాగే పల్చటి ప్లాస్టిక్) గురించి ఒక మాట. పాలిష్ చేసిన చెక్క మీదా, తోలు మీదా నేరుగా చుట్టొద్దు. తేమ లోపలే చిక్కుకుంటుంది. కొన్ని ప్లాస్టిక్‌లలో మెత్తదనం కోసం కలిపే రసాయనం కొన్ని లాకర్ పాలిష్‌లను జిగటగా మారుస్తుంది, ముఖ్యంగా నైట్రోసెల్యులోజ్ రకాన్ని. బబుల్ ర్యాప్ బుడగలు పాలిష్ వైపు ఉంటే కొన్ని వారాల్లో గుండ్రటి అచ్చులు పడతాయి, మళ్లీ పాలిష్ పెడితే గానీ పోవు. ముందు యాసిడ్ లేని కాగితం గానీ మెత్తటి దుప్పటి గానీ, దాని మీద ప్లాస్టిక్.

#11 రాయీఅద్దం
పాలరాయి లెక్క నేను చెప్తాను. ఘనపు మీటరుకు సుమారు 2,700 కిలోలు. 2400 × 1200 మి.మీ. పలక, 20 మి.మీ. మందం అయితే 155 కిలోలు దాటుతుంది. పడుకోబెట్టి మోయొద్దు, పడుకోబెట్టి నిల్వ చేయొద్దు. రాయి నొక్కుడును తట్టుకుంటుంది గానీ వంపును తట్టుకోదు. రెండు చివర్లా పట్టుకుని మధ్యలో ఆధారం లేకుండా ఎత్తితే నరం వెంట చిట్లుతుంది. పొడవాటి అంచు మీద నిలబెట్టి, ఇంగ్లిష్ 'A' అక్షరం ఆకారపు స్టాండుకు 5 డిగ్రీల చుట్టుపక్కల వాలుగా ఆనించండి. అంచు కింద చెక్క పట్టీలు, వాటి మీద తెల్లటి ఫెల్ట్. రంగు రబ్బరు, తడిసిన అట్ట, ఇనుప పట్టీ తెల్ల రాయిని తాకకూడదు. తుప్పు మరక రాయి లోపలికి దిగిపోతుంది, పైపైన తోమితే రాదు.

గాజు 10 మి.మీ. మందానికి చదరపు మీటరుకు 25 కిలోలు. అద్దాన్నీ నిలువుగానే పెట్టాలి, నేలకి ఆనకుండా. అంచుల్లోంచి తేమ చేరితే వెనక వెండి పొర నల్లబడుతూ లోపలికి పాకుతుంది. బిగించేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడినా ఇదే రోగం. న్యూట్రల్ రకమే వాడమని బిగించేవాళ్లకి రాసివ్వండి.

షాండిలియర్ పెట్టె విప్పి డ్రాయింగుతో భాగాలు లెక్కపెట్టండి. వోల్టేజి ప్లేటు, హోల్డరు రకం (ఈ14 ఆ, ఈ27 ఆ) చూసి రాసుకుని మళ్లీ మూసేయండి. స్ఫటికాలు వరసలవారీ సంచుల్లో వస్తాయి, కలపొద్దు.

#12 తివాచీచుట్ట
తివాచీలు మడవొద్దు. రెండు వైపులా వాక్యూమ్ చేసి, నూలు ఏ దిశకు వాలి ఉందో చేత్తో నిమిరి చూసి, ఆ దిశలోనే గొట్టానికి చుట్టండి. గొట్టం తివాచీ వెడల్పు కంటే రెండు వైపులా 15 సెం.మీ. చొప్పున పొడవుండాలి. పైన ప్లాస్టిక్ కాదు, కాటన్ గుడ్డ. నిలబెడితే కింది అంచు నలుగుతుంది, అడ్డంగానే పెట్టాలి.

ఉన్నికి శత్రువు బట్టల చిమ్మట. తినేది రెక్కల పురుగు కాదు, దాని లార్వా. ఫెరోమోన్ ఉచ్చులో (ఆడ పురుగు వాసనతో ఆకర్షించేది) మగ పురుగులే పడతాయి. అంటే అది హెచ్చరిక మాత్రమే, చికిత్స కాదు. అనుమానం వస్తే గాలి తీసేసిన పాలిథీన్ సంచిలో సీలు వేసి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో కనీసం వారం ఉంచాలి. బయటికి తీశాక 24 గంటల దాకా సంచి విప్పొద్దు, చల్లటి ఉన్ని మీద గాలిలోని తేమ నీరై పడుతుంది.

క్లయింటు విడిగా కొనిచ్చిన సోఫా బట్ట ఉందా? ఉంటే కుట్టేవాళ్లకి పంపకముందే గోదాములోనే మీటర్లు కొలిచి, అన్ని చుట్టలూ ఒకే డై లాటా (ఒకేసారి రంగు వేసినవా) కాదా చూడండి. నేత లోపం కనిపించిన చోట అంచుకి రంగు దారం కట్టాలి. కత్తెర పడ్డాక బట్ట ఏ మిల్లూ వెనక్కి తీసుకోదు. వెల్వెట్ చుట్ట మీద ఇంకో చుట్ట పెట్టొద్దు.

#13 రంగులపలక
పేము కుర్చీల మాటేమిటి? ఒక కుర్చీ కింద పిండిలాంటి పొడి రాలిందని సప్లయరు గోదాము వాళ్లే ఫోన్‌లో చెప్పారు. "పాలిష్ దుమ్మే" అంటున్నారు.

#14 వడ్రంగికన్ను
పాలిష్ దుమ్మయితే ఒకసారి తుడిస్తే మళ్లీ రాదు. కుర్చీని మిగతా సరుకుకు దూరంగా, నల్ల కాగితం మీద రెండు మూడు వారాలు ఉంచండి. టాల్కం పౌడరంత సన్నటి పొడి మళ్లీ పడితే, 1–2 మి.మీ. గుండ్రటి రంధ్రాలు కనపడితే అది పొడి పురుగు. పేము, వెదురు, కొన్ని గట్టి చెక్కల్లోని పిండిపదార్థం దాని తిండి. పైపూత పూర్తిగా వేసి ఉన్న చోట కొత్తగా గుడ్లు పెట్టదు, లోపల అప్పటికే ఉన్నవి మాత్రం తింటూ ఉంటాయి. అలాంటి కుర్చీని మీ గోదాముకి రానివ్వకండి.

దిగుమతి క్రేట్ల మీద ఐఎస్‌పీఎమ్ 15 (చెక్క ప్యాకింగ్‌తో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర కూడా చూడండి. హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) అని ఉంటే చెక్క నడుమ దాకా 56 డిగ్రీలు 30 నిమిషాలు వేడి చేసినట్టు. అది క్రేటు చెక్కకే వర్తిస్తుంది, లోపలి కుర్చీకి కాదు. ఈ రెండూ కలిపేసి "ముద్ర ఉంది కదా" అనేవాళ్లు ఎక్కువ.

#15 టేపుకొలత
14వ అంతస్తు అన్నారు కదా, లిఫ్టు ఎవరూ అడగలేదేం? 630 కిలోల లిఫ్టు క్యాబిన్ సాధారణంగా 1100 వెడల్పు, 1400 లోతు (మి.మీ.), ద్వారం 800 లేదా 900. 1000 కిలోల లిఫ్టు లోతు 2100. క్యాబిన్ ఎత్తు 2200 ఉన్నా ద్వారం ఎత్తు 2000–2100 మాత్రమే.

2400 సోఫాను "ఏటవాలుగా పెడదాం" అంటారు. 1400 × 2200కి మూల నుంచి మూలకి 2600 పైనే వస్తుంది, అందుకే పడుతుందనుకుంటారు. ఆ లెక్క సన్నటి కర్రకి. 750 మందం ఉన్న సోఫాను 80 డిగ్రీల వాలులో పెడితే పట్టే పొడవు 2100కి పడిపోతుంది. నిటారుగా ఉంటేనే 2200. వాల్చేకొద్దీ తగ్గుతుంది! సోఫా కాళ్లు, వీపు విడదీయొచ్చా అని ఆర్డరుకు ముందే అడగాలి. ఇప్పటికే ఆర్డరైతే లిఫ్టు, మెట్ల మలుపు, ఫ్లాటు ద్వారం, లోపలి నడవా కొలిచి గోదాముకి పంపండి. సరుకు దిగిన రోజే వాళ్లు అసలు కొలత తీసి సరిచూస్తారు. కేటలాగు కొలతకీ అసలు కొలతకీ 20–30 మి.మీ. తేడా వచ్చినా ఆశ్చర్యపోకండి.

#16 క్లెయిమ్‌కాగితం
గోదాముతో ఒప్పందం మీద సంతకం పెట్టకముందు మూడు అడగండి. నష్టపరిహారం కిలోల లెక్కనా, ప్రకటించిన విలువ లెక్కనా? కిలోల లెక్కయితే నాలుగు కిలోల చేతిపని దీపం పగిలితే నాలుగు కిలోల డబ్బే వస్తుంది. నిల్వలో ఉన్న సరుకుకు బీమా ఎవరి పేరున? డబ్బు కట్టింది క్లయింటు, బిల్లు డిజైనరు పేరున, సరుకు మూడోవారి దగ్గర అయితే బీమా సంస్థ ముందు అడిగేది యజమాని ఎవరని. మూడోది, అద్దె ఘనపు మీటరుకా, నేల వైశాల్యానికా? సోఫా మీద ఏదీ పేర్చలేం కాబట్టి రెండో లెక్కలో అద్దె పెరుగుతుంది. ఘనపు మీటరు లెక్కలో కొలిచేది పెట్టెని, లోపలి వస్తువుని కాదు: 2.3 × 1.0 × 0.9 పెట్టె 2.07 ఘనపు మీటర్లు.

సైట్ ఆలస్యమైతే అదనపు నెలల అద్దె ఎవరిదో క్లయింటు ఒప్పందంలో ఇప్పుడే రాయించండి.

#17 చలాన్‌మాస్టర్
గోదాములో సరుకు ఉండాల్సింది నేల నుంచి 10–15 సెం.మీ. ఎత్తున పాలెట్ల మీద, బయటి గోడకి ఓ అర మీటరు ఎడంగా, స్ప్రింక్లర్ల కింద కనీసం 45 సెం.మీ. ఖాళీ. సోఫాను దాని చెయ్యి (ఆర్మ్‌రెస్ట్) మీద నిలబెట్టి నెలల తరబడి ఉంచితే ఫ్రేము మెలితిరుగుతుంది, లిఫ్టులో ఐదు నిమిషాలైతే సరే.

పంపే రోజు లారీలో ఎక్కించే వరస తిరగేయండి. సైట్‌లో ముందు పరిచేది తివాచీ కాబట్టి అది ఆఖరున ఎక్కాలి. సైట్‌లో దాని తర్వాత దిగేవి బరువైన సామాను, ఆపై దీపాలు, చివరికి పటాలు, అలంకరణ. ఫ్లాటులో ఏసీ కనీసం వారం ముందు నుంచి నడుస్తూ ఉండాలి, లేకపోతే పైన వడ్రంగికన్ను గారు చెప్పిన చీలిక అక్కడ మొదలవుతుంది.

#18 రంగులపలక
క్లయింటుకి ఈ పేజీ మొత్తం పంపించాను, గోదాముకి ఒప్పుకున్నారు. ఒకటి మిగిలింది. విడదీసిన కాళ్లు, బోల్టులు విడిగా ఒక డబ్బాలో పెట్టించనా?

#19 వడ్రంగికన్ను
వద్దు. 43 ఐటెమ్‌ల బోల్టులు ఒక డబ్బాలో చేరాక ఏది దేనిదో తేల్చడానికి బిగించే రోజు సగం పోతుంది. చిన్న జిప్ సంచి, లోపల బోల్టులు, వాషర్లు, ఆలెన్ కీ, పైన అదే ఐటెమ్ గుర్తు, బోల్టుల సంఖ్య. ఆ సంచిని ఫ్రేము అడుగున చెక్కకి నైలాన్ తాడుతో కట్టాలి. టేపుతో అంటిస్తే ఊడిపోతుంది, పాలిష్ మీద అంటిస్తే పాలిష్ లేచొస్తుంది. కాళ్లకి 1 నుంచి 4 వరకు చాక్‌పీసుతో నంబర్లు వేసి, ఫ్రేములో అవి దిగే రంధ్రం పక్కన కూడా అదే నంబరు వేయించండి. చేతిపని ఫర్నిచర్‌లో నాలుగు కాళ్లూ ఒకేలా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఉండవు.